డబ్బా మీది అంకె, డ్రమ్ము మీది తాడు: పడవను ట్రైలర్ ఎక్కించే ఎలక్ట్రిక్ వించ్ గురించి

(హైదరాబాద్‌లో పడవలు నడిపేవారికి, ట్రైలర్లు కట్టించుకునేవారికి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినబడుతోందా? వినబడకపోతే ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ్టి విషయం చిన్నదే. నీళ్లలో ఉన్న పడవను ట్రైలర్ మీదికి లాగే ఎలక్ట్రిక్ వించ్, అంటే మోటారుతో డ్రమ్మును తిప్పి తాడు చుట్టుకుంటూ లాగే యంత్రం. ఎంతది కొనాలి, ఏ రకం కొనాలి, కొన్నాక ఎలా బిగించాలి. విషయం చిన్నదే గానీ, ఇందులో లెక్క తప్పితే ఆరేడు వందల కిలోల పడవ ర్యాంపు మీద, అంటే ఒడ్డు నుంచి నీళ్లలోకి దిగే వాలు దారి మీద, వెనక్కి జారుతుంది. అది జారే వైపు, మోకాళ్ల లోతు నీళ్లలో, పడవను పట్టుకుని ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. అవునా, కాదా? అందుకే ఇవాళ లెక్కలు కాస్త ఎక్కువ చెప్తాను. కాగితం, పెన్నూ ఉన్నవాళ్లు బయటికి తీయండి.

ముందు ఇది ఎవరికి అక్కర్లేదో చెప్తాను. మన హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ 35 కిలోలు. లేజర్ పడవ ఒట్టిది 59 కిలోలు. వీటిని ఇద్దరు మనుషులు చేతి ట్రాలీ మీద ఒడ్డుకు లాగేస్తారు. వీటికి వించ్ పెట్టడం డబ్బు దండగ. అన్నీ కలిపి 300, 350 కిలోల దాకా ఉన్న పడవకు మంచి చేతి వించ్ చాలు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్కటే జాగ్రత్త. దాని పళ్లచక్రం మీద పడి పట్టుకునే నాలుక అరిగిందంటే హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది, ముంజెయ్యి విరుగుతుంది. ఆ నాలుక స్ప్రింగ్‌ను నెలకోసారి చూసుకోవాలి.

ఎలక్ట్రిక్ వించ్ అవసరం ఎక్కడ మొదలవుతుంది? రేసులప్పుడు వెంట తిరిగే కోచ్ బోటు, రెస్క్యూ బోటు, మోటారు బిగించిన ఫైబర్ పడవ. వీటిని రోజూ దించాలి, ఎక్కించాలి. చాలాసార్లు ఆ పనికి ఒక్క మనిషే ఉంటాడు. అక్కడ కావాలి ఇది.

సరే. మొదటి లెక్క, బరువు. పడవ బరువు ఎంత అని అడిగితే అందరూ కేటలాగు చూసి చెప్తారు. 420 కిలోలు అంటారు. అది ఒట్టి డొక్క బరువు. ఒక 5 మీటర్ల కోచ్ బోటు తీసుకుందాం. డొక్క 420. వెనక 60 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు, ఇంకో 115. పెట్రోలు 50 లీటర్లు, లీటరుకు ముప్పావు కిలో లెక్కన 37. బ్యాటరీ 20. లంగరు, గొలుసు, తాళ్లు, లైఫ్ జాకెట్లు కలిపి 30. అడుగున నిలిచిన నీళ్లు, తడిసి బరువెక్కిన ఫోము, ఇంకో 30. కూడండి. 652. రాసుకోండి, 650. కేటలాగులో 420, మన ర్యాంపు మీద 650. ఒకటిన్నర రెట్లు! ట్రైలర్ బరువు ఇందులో కలపకండి. ట్రైలర్ కదలదు కదా, దాన్ని బండి లాగుతుంది. వించ్ లాగేది పడవనే.

రెండో లెక్క, వాలు. ఒక మీటరు పొడవు బద్ద తీసుకోండి. ఒక చివర ర్యాంపు మీద ఆనించి, రసమట్టం పెట్టి బద్దను సమంగా పట్టుకోండి. రెండో చివర కింద ఖాళీ ఎంత ఉందో టేపుతో కొలవండి. 14 సెంటీమీటర్లు వచ్చిందా, మీ వాలు నూటికి 14. ఇదే పద్ధతిలో ట్రైలర్ మీద పడవ కూర్చునే చెక్కల వాలు కూడా చూడండి, అది ర్యాంపు కన్నా ఎక్కువ ఉంటే ఆ ఎక్కువనే లెక్కకు తీసుకోవాలి. 650 కిలోలు, నూటికి 14. వాలు ఒక్కదాని మీదే 91 కిలోల లాగుడు కావాలి.

ఇంతేనా? కాదు. రాపిడి ఉంది. అసలు కథ రాపిడిలోనే ఉంది. ట్రైలర్ మీద బాగా తిరిగే రోలర్లు ఉంటే రాపిడి బరువులో పదో వంతు అనుకోండి, 65 కిలోలు. మొత్తం 156. అదే కార్పెట్ చుట్టిన చెక్కల మీద పడవ జారాలంటే, తడి కార్పెట్ అయినా సరే, బరువులో నూటికి 30 వంతులు రాపిడి పెట్టుకోవాలి. 195. దానికి 91 కలిపితే 286. చూశారా? పడవ అదే, ర్యాంపు అదే. రోలర్లయితే 156, కార్పెట్ అయితే 286. ఇక కార్పెట్ ఎండిపోయినా, ఒక రోలరు ఇరుసు తుప్పుపట్టి తిరగకపోయినా, కీల్, అంటే పడవ అడుగున పొడుగునా ఉండే వెన్ను, వంకరగా వచ్చి చెక్కకు తగులుకున్నా, ఇది రెట్టింపు అవుతుంది. కాబట్టి మన కోచ్ బోటుకు 286ను రెండింతలు చేసి 570 కిలోల లాగుడు కావాలి అని రాసుకోండి. ఈ 570 గుర్తు పెట్టుకోండి, దీని దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తాం.

ఇప్పుడు రాణీగంజ్‌లోనో, ఆన్‌లైన్‌లోనో వించ్ కొనడానికి వెళ్తాం. డబ్బా మీద అంకెలు పౌండ్లలో ఉంటాయి. 2000 పౌండ్లు అంటే 907 కిలోలు. 2500 అంటే 1134. 3000 అంటే 1361. మనకు కావలసింది 570 కదా, 2000 పౌండ్లది తీసుకుంటే మిగులు కూడా ఉంది అనుకుంటాం. ఇక్కడ ఆగండి. ఆ అంకె దేనికి రాశారు? మొదట అది అడగాలి.

కొన్ని డబ్బాల మీద రాసేది వించ్ లాగుడు కాదు, అది లాగగలిగే పడవ బరువు. మంచి రోలర్ల మీద, తక్కువ వాలులో, ఇంత బరువున్న పడవను లాగుతుంది అని. అసలు లాగుడు అందులో మూడో వంతో, ఇంకా తక్కువో ఉండొచ్చు. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద క్రేన్లు చూస్తాం. క్రేన్ మీద రాసిన టన్నులు అది గాల్లోకి ఎత్తే బరువు. వించ్ మీద రాసింది ఎత్తే బరువు కాదు. ఒకచోట తాడు లాగుడు, ఇంకోచోట చక్రాల మీది బరువు, ఇంకోచోట పడవ బరువు. ఏదో తెలియకుండా అంకెలు పోల్చకండి. డబ్బా లోపలి పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది, ఏ బరువుకు ఎన్ని ఆంప్స్, నిమిషానికి ఎన్ని మీటర్లు అని. ఆ పట్టిక లేని వించ్ కొనకండి. నిజంగా చెప్తున్నాను, ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.

సరే, పట్టిక ఉంది, తాడు లాగుడు 907 కిలోలు అని స్పష్టంగా రాసి ఉంది. ఇప్పుడు కొనొచ్చా? ఇంకా లేదు.

డ్రమ్ము మీద తాడు పొరలు

ఇది ఇవాళ నేను చెప్పవలసిన అసలు మాట. డబ్బా మీది అంకె, డ్రమ్ము మీద ఒకే పొర తాడు ఉన్నప్పటిది. మొదటి పొర. ఒట్టి డ్రమ్ము మీద చుట్టిన మొదటి వరస. తాడు పొర మీద పొర పడేకొద్దీ డ్రమ్ము లావవుతుంది. మోటారు తిప్పే బలం అంతే ఉంటుంది, డ్రమ్ము మాత్రం లావైంది. అప్పుడు లాగుడు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. సైకిల్ గేరు తెలిసిన ఎవరికైనా ఇది తెలుసు.

లెక్క వేద్దాం. డ్రమ్ము లావు, అంటే వ్యాసం, 50 మిల్లీమీటర్లు, వెడల్పు 100, తాడు 6 మిల్లీమీటర్లు. ఒక పొరలో 16 చుట్లు పడతాయి. తాడు నడుమ నుంచి నడుమకు కొలిస్తే మొదటి పొర 56, రెండోది 68, మూడోది 80, నాలుగోది 92. మొదటి పొరలో లాగుడు నూరు అనుకుంటే, రెండో పొరలో 82, మూడో పొరలో 70, నాలుగో పొరలో 61. అంటే మన 907 కిలోల వించ్ నాలుగో పొరకు వచ్చేసరికి ఎంత? 552. మనకు కావలసింది 570. చాలలేదు!

అయితే నాలుగో పొర మీద ఎప్పుడు లాగుతాం? ఇది బాగా ఆలోచించండి. పడవ ఇంకా నీళ్లలో తేలుతోంది, తాడు అంతా బయట ఉంది, డ్రమ్ము మీద ఒకే పొర. వించ్ బలం నిండుగా ఉంది, కానీ లాగడానికి బరువే లేదు, పడవను నీళ్లు మోస్తున్నాయి. పడవ ముక్కు ట్రైలర్ ఎక్కుతుంది, సగం ఎక్కుతుంది, బరువు చెక్కల మీదికి వస్తూ ఉంటుంది, తాడు డ్రమ్ము మీదికి వస్తూ ఉంటుంది. చివరి అర మీటరు. పడవ బరువు దాదాపు అంతా ట్రైలర్ మీదే, తాడు అంతా డ్రమ్ము మీదే. బరువు ఎక్కువ ఎప్పుడో, వించ్ బలం తక్కువ అప్పుడే. రెండూ ఒకే క్షణంలో వస్తాయి. అందుకే వించ్ ఎప్పుడూ చివరి అర మీటరులోనే ఆగిపోతుంది. మోటారు పాడైందనుకుంటారు. మోటారు పాడవలేదు, లెక్క పాడైంది.

మరి ఏం చేయాలి? పెద్ద వించ్ కొనాలా? కొనొచ్చు. దానికన్నా ముందు చవకైన పని ఒకటి ఉంది. తాడు కత్తిరించండి. వించ్‌తో పాటు 12, 15 మీటర్ల తాడు చుట్టి ఇస్తారు. 12 మీటర్లు పైన చెప్పిన డ్రమ్ము మీద నాలుగో పొరలోకి వెళ్తుంది. మనకు అంత కావాలా? పడవ పొడవు 5 మీటర్లు, అదనంగా ఒక మీటరు, డ్రమ్ము మీద ఎప్పుడూ విప్పకుండా ఉంచే చుట్లకు ఇంకో 2 మీటర్లు. 8 మీటర్లు చాలు. 8 మీటర్లు మూడో పొరలోనే ముగుస్తుంది. 907కు నూటికి 70, అంటే 635. మనకు కావలసిన 570 దాటింది. అదే వించ్, అదే మోటారు. 4 మీటర్ల తాడు తీసేశాం, అంతే.

ఆ విప్పకూడని చుట్లు మర్చిపోకండి. ఇనుప తాడు అయితే కనీసం 5 చుట్లు, నైలాన్ లాంటి సింథటిక్ తాడు అయితే జారుడు ఎక్కువ కాబట్టి 8 నుంచి 10 చుట్లు డ్రమ్ము మీద ఉండాలి. తాడు చివర డ్రమ్ముకు పెట్టిన చిన్న స్క్రూ బరువు మొయ్యదు. బరువు మోసేది ఆ చుట్ల పట్టు. ఆ విప్పకూడని చుట్లు ఎక్కడ మొదలవుతాయో అక్కడ తాడుకు ఎర్ర పెయింటు వేసుకోండి. ఎరుపు కనబడితే ఆపాలి, అంతే.

తాడు కత్తిరిస్తే నాగార్జునసాగర్‌లో ఎలా అని ఒకరు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. హుస్సేన్ సాగర్‌లో నీటిమట్టం పెద్దగా మారదు, ర్యాంపు దగ్గరికి నీళ్లు ఎప్పుడూ వస్తాయి. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు, 510 అడుగుల దాకా దించొచ్చు. 80 అడుగుల తేడా! ఎండాకాలంలో ర్యాంపు చివర దాటి బురద వస్తుంది. అక్కడ పొడవు తాడు పెట్టి వించ్‌తో పడవను బురదలోంచి ఈడ్చడం వించ్ పని కాదు. బురద పట్టు ముందు మన రాపిడి లెక్కలేవీ నిలబడవు. ట్రైలర్‌ను నీళ్ల దాకా తీసుకెళ్లే దారి చూసుకోవాలి, అది లేకపోతే ఆ రోజు పడవ దించకూడదు.

ఇంకో దారి ఉంది, గిలక. తాడును పడవ ముక్కు కొక్కేనికి తగిలించకుండా, అక్కడ ఒక గిలక పెట్టి, తాడు దాని చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి వించ్ పోస్టుకు, అంటే ట్రైలర్ ముందు వించ్ బిగించిన స్తంభానికి, కట్టడం. లాగుడు దాదాపు రెట్టింపు, వేగం సగం, తాడు పొడవు రెట్టింపు. గిలక రాపిడికి నూటికి పది వంతులు తీసేయండి. చిన్న వించ్‌తో పెద్ద పడవ లాగాలంటే ఇది మంచి పద్ధతే. ఒక్కటి చూడండి, తాడు చివర కట్టే చోటు కూడా వించ్ అంత గట్టిగా ఉండాలి. లైటు స్టాండుకు కట్టేసి లాగకూడదు.

తాడా, పట్టీయా

పట్టీ అంటే 50 మిల్లీమీటర్ల వెడల్పు పాలిస్టర్ పట్టీ, లారీల మీద సరుకు బిగించడానికి వాడే రకం. చేతికి గుచ్చుకోదు, తుప్పు పట్టదు. చేతి వించ్‌కు చాలా బాగుంటుంది. ఎలక్ట్రిక్ వించ్‌కు? మళ్లీ పొరల లెక్కే. పట్టీ పక్కకు పరుచుకోదు, ప్రతి చుట్టూ ఒక కొత్త పొరే. 50 మిల్లీమీటర్ల డ్రమ్ము మీద రెండున్నర మిల్లీమీటర్ల మందం పట్టీ 7 మీటర్లు చుడితే ఆ చుట్ట లావు 157 మిల్లీమీటర్లు అవుతుంది. లాగుడు ఎంత మిగులుతుంది? మూడో వంతు. 907 కిలోల వించ్ 300 కిలోలకు పడిపోతుంది. పట్టీ కోసం తయారుచేసిన వించ్‌లో ఈ లెక్క ముందే చూసుకుని గేర్లు పెడతారు. తాడు వించ్‌కు మనం పట్టీ మారిస్తే మాత్రం పని చెయ్యదు.

ఇనుప వైర్ రోప్, గాల్వనైజ్ చేసింది, 6 మిల్లీమీటర్లది సుమారు 2 టన్నుల దగ్గర తెగుతుంది. చవక, ఎండకు చెక్కుచెదరదు, రాపిడికి ఓర్చుకుంటుంది. లోపం ఏమిటంటే పోగులు విరిగి ముళ్లలా పొడుచుకొస్తాయి, తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. తోలు చేతితొడుగులు లేకుండా ముట్టుకోకండి. లాగేటప్పుడు తాడు నడిమధ్య ఒక మందపాటి తడి గోనెసంచి వేయండి. తెగితే ఆ బరువు తాడును కిందికి లాగుతుంది.

డైనీమా లాంటి సింథటిక్ తాడు అదే లావులో ఇనుము కన్నా బలమైనది, నీళ్లలో తేలుతుంది, తెగినా అంత విసురుగా రాదు. నా మాట అడిగితే మన పనికి ఇదే మేలు. దీనికి రెండు శత్రువులు. ఒకటి ఎండ. మన మే నెల ఎండలో ట్రైలర్ బయటే ఉంటే పైపొర పోగులు పెళుసెక్కుతాయి, కాబట్టి వించ్ మీద రెక్సిన్ కవరు తప్పదు. రెండోది వేడి. ఈ తాడు 145 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, 70 డిగ్రీలు దాటితేనే బలం తగ్గడం మొదలవుతుంది. కొన్ని వించ్‌లలో బ్రేకు ఉండేది తాడు చుట్టే డ్రమ్ము లోపలే. బరువు కింద పడవను మెల్లగా దించుతుంటే ఆ బ్రేకు కాలి డ్రమ్ము వేడెక్కుతుంది. అలాంటి వించ్‌కు ఇనుప తాడే వేసుకోండి. బ్రేకు ఆ డ్రమ్ముకు బయట ఉన్న వించ్ అయితే సింథటిక్ వేసుకోండి. కొనేముందు దుకాణంలో ఇది అడగండి, బ్రేకు ఎక్కడుంది అని.

బ్రేకు మాట వచ్చింది కాబట్టి. దించేటప్పుడు డ్రమ్మును మోటారు నుంచి విడదీసే క్లచ్ లివరు తీసి డ్రమ్మును వదిలేయడం చాలామంది చేసే పని. కార్పెట్ చెక్కల మీద పడవ తనంతట తాను జారదు, ఎందుకంటే రాపిడి 30, వాలు 14. రోలర్ల మీద రాపిడి 10, కొత్త రోలర్లయితే 5. వాలు 14. జారుతుంది! 650 కిలోల పడవ పరుగెత్తుతుంది, డ్రమ్ము దానికన్నా వేగంగా తిరిగి తాడు పిచ్చుకగూడులా చిక్కుపడుతుంది. కాబట్టి రోలర్ల ట్రైలర్‌కు మోటారుతో విప్పే సౌకర్యం ఉన్న వించ్ కొనండి. తాడు మీద బిగువు ఉండగా క్లచ్ లివరు ముట్టుకోకండి. ఇది మళ్లీ చెప్తాను, బిగువు ఉండగా క్లచ్ ముట్టుకోకండి.

కరెంటు సంగతి

ఇక బ్యాటరీ, కేబుల్. వించ్ బాగాలేదని వెనక్కి ఇచ్చేసేవాటిలో చాలావాటికి రోగం వించ్‌లో ఉండదు, కేబుల్‌లో ఉంటుంది.

మన కోచ్ బోటును మామూలుగా లాగడానికి, 286 కిలోలు, నిమిషానికి రెండున్నర మీటర్లు అనుకుంటే, గేర్ల నష్టం, మోటారు నష్టం అన్నీ కలుపుకుని 12 వోల్టుల దగ్గర 30 ఆంప్స్ పైచిలుకు పడుతుంది. ఎక్కడైనా పట్టేస్తే 70 ఆంప్స్. ఇప్పుడు బ్యాటరీ బండి బానెట్ కింద ఉంది. వించ్ ట్రైలర్ ముక్కు మీద ఉంది. మధ్యలో 6 మీటర్లు. పోవడానికి 6, రావడానికి 6, మొత్తం 12 మీటర్ల రాగి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 6 స్క్వేర్ ఎంఎం వైరు వేశారనుకోండి. 70 ఆంప్స్ దగ్గర దారిలోనే రెండున్నర వోల్టులు పోతాయి. బరువు పడ్డ బ్యాటరీ 11.5 ఇస్తే, మోటారుకు చేరేది 9. మోటారు నీరసంగా తిరుగుతుంది, వేడెక్కుతుంది. అంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది. వించ్‌ను ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టర్‌కు వోల్టేజీ చాలక టకటకమని కొట్టుకుంటుంది. అలా కొట్టుకున్నప్పుడల్లా లోపల నిప్పురవ్వ. చివరికి రాగి ముక్కలు రెండూ అతుక్కుపోతాయి. మీరు రిమోట్ బటన్ మీంచి వేలు తీశారు. వించ్ ఆగదు! పడవ ముక్కు స్టాపరుకు గుద్దుకున్నా లాగుతూనే ఉంటుంది.

అదే 16 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం 0.9 వోల్టు. 25 వేస్తే 0.6. 35 వేస్తే 0.4. బండి బ్యాటరీ నుంచి తెచ్చేవాళ్లు 25 కన్నా తక్కువ వేయకండి. రాగి వెల్డింగ్ కేబుల్ మెత్తగా వంగుతుంది, ఈ పనికి బాగుంటుంది. అల్యూమినియం మీద రాగి పూత పూసినది కూడా అదే పేరుతో అమ్ముతారు, కత్తితో గీకి చూడండి, తెల్లగా కనబడితే వదిలేయండి. కేబుల్ చివర తొడిగే లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగ్ మిషన్‌తో నొక్కించండి. సుత్తితో కొట్టిన లగ్గు మొదటి వానాకాలానికే వదులవుతుంది. నెగటివ్‌కు కూడా వేరే కేబుల్ వేయండి. ట్రైలర్ ఛాసిస్, దాన్ని బండికి తగిలించే హిచ్ బంతి మీదుగా కరెంటు వెనక్కి వస్తుందిలే అనుకోకండి. ఆ బంతి మీద గ్రీజు, తుప్పు తప్ప ఏముంటుంది? బ్రేక్ లైట్ల ప్లగ్గు నుంచి వించ్‌కు కరెంటు తీసుకోవడం అసలే కుదరదు, ఆ వైర్లు కాలిపోతాయి.

బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే 100 ఆంప్స్ బ్రేకర్ పెట్టండి. వించ్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర. కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలితే బ్యాటరీ దగ్గరే ఆగిపోవాలి. అలాగే కాంటాక్టర్ అతుక్కుంటే ఆపడానికి చేతికందేంత దూరంలో, కరెంటు మొత్తం తెంపేసే ఐసొలేటర్ స్విచ్ ఒకటి.

అంత కేబుల్ ఎందుకు, బ్యాటరీనే ట్రైలర్ మీద పెడితే? పెట్టొచ్చు. నన్నడిగితే క్లబ్బులకు అదే మంచిది, ఎందుకంటే ఒక్కోసారి ట్రైలర్‌ను కారు లాగుతుంది, ఒక్కోసారి ట్రాక్టర్ లాగుతుంది. కేబుల్ ఒక మీటరుతో సరిపోతుంది. ఒకసారి పడవ ఎక్కించడానికి రెండున్నర నిమిషాలు, 70 ఆంప్స్ చొప్పున లెక్కేసినా 3 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ బోలెడు. కానీ దాన్ని చార్జింగ్‌లో పెట్టేది ఎవరు? ఆ మనిషి పేరు ముందే అనుకోండి. నెలల తరబడి వదిలేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ గట్టిపడి చచ్చిపోతుంది. పెట్టెను ర్యాంపు నీళ్లు అందనంత ఎత్తులో బిగించండి, గాలి ఆడేలా రంధ్రాలుండాలి.

మోటార్లలో రెండు రకాలు. అయస్కాంతం మోటారు తక్కువ కరెంటు తాగుతుంది, త్వరగా వేడెక్కుతుంది. సిరీస్ చుట్టు మోటారు ఎక్కువ తాగుతుంది, బరువుకు ఓర్చుకుంటుంది. రోజుకు ఒకటి రెండుసార్లు వాడేవాళ్లకు మొదటిది చాలు. రేసుల వారంలో వరసగా నాలుగు బోట్లు ఒకే వించ్‌తో ఎక్కించాలంటే రెండోది. ఏదైనా, పడవకూ పడవకూ మధ్య మోటారు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టలేకపోతే టీ తాగి రండి. 

హుస్సేన్ సాగర్ నీళ్ల వాసన మనందరికీ తెలుసు. అందులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లగా తినేస్తుంది. ఇక్కడ ఉప్పునీరు లేదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. కాంటాక్టర్ పెట్టె ఐపీ 67, అంటే దుమ్ము, నీళ్లు చొరబడనిది, అని రాసి ఉన్నదే తీసుకోండి, ప్రతి లగ్గుకూ బిగించాక పెట్రోలియం జెల్లీ పూయండి. పని అయ్యాక మంచినీళ్లతో తాడు, కొక్కెం కడగండి, ప్రెషర్ వాషర్ మాత్రం మోటారు సీల్ మీద కొట్టకండి. గుర్రపుడెక్క పోగులు డ్రమ్ము పక్కన ఇరుక్కుని కుళ్లుతాయి, వాటిని తీసేయాలి.

బిగింపు

వించ్ పోస్టు. 600 కిలోల లాగుడు, పోస్టు ఎత్తు 60 సెంటీమీటర్లు. కింది జాయింటు మీద 360 కిలోగ్రామ్ మీటర్ల వంపు పడుతుంది. చేతి వించ్ కోసం కట్టిన పోస్టు దీనికి చాలదు. బాక్స్ సెక్షన్, అడుగున రెండు వైపులా త్రికోణపు ప్లేట్లు, 8.8 గ్రేడు బోల్టులు, నైలాక్ నట్లు. పడవ ముక్కు కొక్కెం కూడా చూడండి. ఫైబర్ పడవల్లో ఆ యూ బోల్టు వెనక చిన్న వాషర్లు వేసి వదిలేస్తారు. లోపల వెడల్పాటి ప్లేటు లేకపోతే వించ్ పడవను లాగదు, కొక్కేన్ని పీకుతుంది.

ఎత్తు ఎంత ఉండాలి? పడవ పూర్తిగా ఎక్కాక కొక్కెం, ముక్కు రోలరు కిందికి వచ్చి ఆగాలి. తాడు కొక్కెం నుంచి డ్రమ్ముకు సమంగానో, కాస్త పైకో పోవాలి. డ్రమ్ము మరీ కిందుంటే ముక్కు కిందికి గుచ్చుకుంటుంది, రాపిడి పెరుగుతుంది, మన 286 లెక్క తప్పుతుంది. డ్రమ్ము నడుమ, కీల్ గీత ఒకే వరసలో ఉండాలి. తాడు ఒక పక్కకే పోగుపడితే చేత్తో సర్దకండి, ఆపి, వదులు చేసి, తొడుగులు వేసుకుని సర్దండి. కొత్త తాడును మొదటిసారి బిగువు పెట్టి చుట్టుకోవాలి. వదులుగా చుడితే పై చుట్టు కింది చుట్ల మధ్యలోకి దూరి ఇరుక్కుంటుంది.

ట్రైలర్‌ను ఎంత లోతుకు దించాలి? చెక్కల్లో మూడింట రెండు వంతులు తడిసేంత. ఇంకా లోతుకు పోతే పడవ తేలిపోయి పక్కకు కూర్చుంటుంది. పైనే ఆపితే బరువంతా వించ్ మీద.

పడవ ఎక్కింది. ఇప్పుడు వించ్ పని అయిపోయింది. రోడ్డు మీద పడవను పట్టి ఉంచడం వించ్ పని కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక గుంతలో ట్రైలర్ ఎగిరితే ఆ కుదుపు మొత్తం ఒక్క గేరు పన్ను మీద పడుతుంది. ముక్కుకు వేరే గొలుసు, టర్న్‌బకిల్. వెనక రెండు వైపులా రాచెట్ పట్టీలు. అవి బిగించాక వించ్ తాడును కాస్త వదులు చేయండి, ఐసొలేటర్ ఆఫ్ చేయండి.

ప్రశ్నలు ఉన్నట్టున్నాయి. జీపులకు వేసే 9500 పౌండ్ల వించ్ పాతది దొరికితే పెట్టొచ్చా అంటున్నారు. వద్దు. 4300 కిలోల లాగుడు. పడవ ఎక్కడైనా తట్టుకుంటే అది ఆగదు, మీ పోస్టో, పడవ ముక్కో విరిగాకే ఆగుతుంది. చిన్న వించ్ అయితే బ్రేకర్ పడి ఆగుతుంది, అదే మనకు రక్షణ. పైగా నిండు బరువు మీద అది వందల ఆంప్స్ తాగుతుంది, బరువు కూడా చాలా ఎక్కువ.

ఇంకొకరు, అపార్ట్‌మెంట్లు కట్టేచోట ఇసుక ఎత్తే 230 వోల్టుల హాయిస్ట్. చవకే, దొరుకుతుంది కూడా. కానీ తడి కాళ్లతో నీళ్లలో నిలబడిన మనిషి పక్కన 230 వోల్టులు పెడతామా? ఇన్వర్టర్ పెట్టినా అదే 230. దయచేసి ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి.

మన కోచ్ బోటుకు చివరికి ఏది అంటున్నారు. రాసుకోండి. 2500 పౌండ్లది, అంటే 1134 కిలోలు. 8 మీటర్ల సింథటిక్ తాడు, మూడో పొరలో 790 దాకా మిగులుతుంది. 12 వోల్టులు, బ్రేకు డ్రమ్ముకు బయట ఉన్నది, మోటారుతో విప్పే సౌకర్యం, కరెంటు పోతే చేత్తో తిప్పే హ్యాండిల్, వైరు రిమోట్. హ్యాండిల్ లేనిది తీసుకోకండి, బ్యాటరీ ర్యాంపు మీదే చచ్చిపోతుంది ఎప్పుడూ.

బయట ట్రైలర్ నిలబెట్టి ఉంది. బద్ద, రసమట్టం, టేపు తెచ్చాను. చెక్కల వాలు, డ్రమ్ము లావు, తాడు పొడవు మీరే కొలవండి. తోలు తొడుగులు నాలుగు జతలే ఉన్నాయి, తాడు ముట్టుకునేవాళ్లు మాత్రం వేసుకోండి. పదండి.